సైదాబీ నోటి మీద విచారణ

నల్లగుంట్లపేట జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్పే షేక్ సైదాబీకి చదువు ఎంత వచ్చో ఊళ్ళో కొందరికే తెలుసు. నోరు ఎంత ఉందో మాత్రం అందరికీ తెలుసు. కూరగాయల బజారులో ఆమె వస్తోందంటే పుచ్చు వంకాయల్ని గంప అడుక్కి తోసేసేవాళ్ళు. భర్త ఖాజావలి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నోరులేని జీవాల మధ్య పని చేసి చేసి ఆయనకూ ఆ గుణమే అబ్బిందని ఆమె అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ నోరు ఒకరోజు పదో తరగతిలో అంకమ్మ అనే పిల్ల మీద పడింది. మెదడు పాఠం జరుగుతోంది. భాగాలు చెప్పమంటే అంకమ్మ లేచి నిలబడి బల్లకేసి చూస్తూ ఉండిపోయింది.

"నీ తలకాయలో ఉన్నదానికి పాఠం చెప్పేకంటే, మా ఆయన ఆసుపత్రికి తోలుకెళ్ళి గడ్డేసి చూడటం మేలు," అంది సైదాబీ.

తరగతి మొత్తం పగలబడి నవ్వింది. మాట భలే కుదిరిందని సైదాబీకి కూడా లోపల కాస్త ముచ్చటేసింది. మర్నాటి నుంచి అంకమ్మ బడికి రాలేదు.

మిరపకాయ కోతలకు పోతోందని విని సైదాబీ చేనికి వెళ్ళింది. తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండలో సాళ్ళ మధ్య వంగి ఉన్న పిల్లను చూసేసరికి, దారంతా కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి "బడికి రామ్మా" అని మాత్రం అనగలిగింది.

"మళ్ళీ అట్టా అంటారా మేడం?" అంది అంకమ్మ, కాయలు కోస్తూనే.

"అనను."

"అందరి ముందూ?"

"ఎవరి ముందూ అనను."

పిల్ల తిరిగి వచ్చింది. తప్పయిందని సైదాబీ అందరి ముందూ చెప్పుకుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం మాత్రం సైదాబీ అనుకున్నంత తేలిక కాలేదు. పొద్దున్నే నమాజులో కూర్చున్నప్పుడు ఆమె దేవుణ్ణి అడిగేది ఒక్కటే: ఈ పూటకి నా నాలుకను నా చేతిలో ఉండనియ్యి. క్లాసులో మంచి పదునైన మాటొకటి పెదవుల దాకా వచ్చి తలుపు తడుతుంటే, పళ్ళు బిగించి, బోర్డు వైపు తిరిగి, అక్కరలేని గీతలు గీస్తూ నిలబడేది. కొన్ని రోజులు ఓడిపోయేది. ఓడిన రోజు ఆ మాట పడ్డ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి తప్పయిందని చెప్పేది. అది ఇంకా కష్టం.

ఇది ఇలా ఉండగా విద్యాశాఖ వారు విలువల వారోత్సవం ప్రకటించారు. ప్రతి ఉపాధ్యాయుడూ పిల్లల ముందు మైకులో ఒక సంకల్పం చెప్పాలి. అధ్యక్షత వహించడానికి ఉప విద్యాధికారి పురుషోత్తమరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన శాఖలో సామరస్య విభాగానికి కూడా అధిపతి. ఎక్కడా ఏ గొడవా లేకుండా చూడటం ఆ విభాగం పని. గొడవ లేనిచోట ఎందుకు లేదో కనుక్కోవడం కూడా దాని పనే.

డ్రిల్లు మాస్టారు మొక్క నాటుతానన్నాడు. నిరుడు నాటుతానన్న మొక్కకు తీసిన గుంట ఇంకా అలాగే ఉంది కాబట్టి పని సగం అయినట్టే. రోజూ పిల్లల వీపులు బెత్తంతో చిట్లగొట్టే లెక్కల మాస్టారు, సర్వ జీవుల పట్ల దయతో మెలుగుతానన్నాడు. చప్పట్లు మోగాయి. సైదాబీ వంతు వచ్చింది.

"నాకు నోరెక్కువని మీ అందరికీ తెలుసు," అంది. పిల్లలు నవ్వారు. "దానితో నేను పోట్లాడుతున్నాను. కొన్నిసార్లు అది గెలుస్తోంది, కొన్నిసార్లు నేను. మనలోని చెడ్డగుణంతో మనం చేసే ఈ పోరాటాన్నే మా నాయనమ్మ జిహాద్ అనేది. నాది ఆ జిహాద్."

చప్పట్లు కొట్టబోయిన చేతులు మధ్యలో ఆగిపోయాయి. పురుషోత్తమరావు గారు మంచినీళ్ళ సీసా అందుకుని, తాగకుండానే మళ్ళీ బల్ల మీద పెట్టారు.

ఆ వారంలోనే మెమో వచ్చింది. 'బహిరంగ సభలో మీరు ప్రకటించిన సదరు జిహాదు ఎవరిపై ఉద్దేశించబడినదో, ప్రత్యర్థి పేరు, చిరునామాతో సహా సంజాయిషీ సమర్పించవలెను.'

సైదాబీ నిజమే రాసింది. ప్రత్యర్థి, తన నోరు. చిరునామా, తనదే.

దానికి ఇంకో మెమో వచ్చింది. 'ఇరుపక్షాలు ఒకే ఇంటిలో నివసించుచున్నట్లు మీరే అంగీకరించినందున పరిస్థితి ఉద్రిక్తముగా పరిగణింపబడుచున్నది. ఇరుపక్షాలు శాంతి చర్చలకు హాజరు కావలెను.'

ఖాజావలి కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ మాట ఒక్కటి మార్చి రాసిచ్చేస్తే పోయిద్ది గదా సైదా. వాళ్ళకి భయం ఆ మాట చూసి. నీ నోరు చూసి కాదు."

"మార్చను," అంది సైదాబీ.

"ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

ఆలోచించింది. ఉద్యోగం పోతే ఇల్లు గడవదని కాదు, ఎలాగో గడుస్తుంది. అంకమ్మ పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. తను పోతే ఆ పిల్ల మళ్ళీ చేను దారి పట్టదని నమ్మకం ఏమిటి?

శాంతి చర్చలు పురుషోత్తమరావు గారి ఆఫీసులోనే జరిగాయి. ఆయన బల్లకు ఎదురుగా రెండు కుర్చీలు వేయించారు. సైదాబీ ఒకదాంట్లో కూర్చుంది. రెండోది ఖాళీగా ఉంది. మసీదు మౌల్వీ గారిని కూడా పిలిపించి, పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు.

"రెండో పక్షం హాజరైనదా?" అన్నారు పురుషోత్తమరావు గారు.

"హాజరేనండీ. నాతోనే వచ్చింది."

"మరి మాట్లాడదేం?"

"మాట్లాడనివ్వకుండా పట్టుకున్నానండీ. పోరాటమంటే అదే."

"అనగా ప్రత్యర్థిని నిర్బంధములో ఉంచినట్లు రికార్డు చేసుకోండి," అని ఆయన పక్కనున్న జూనియర్ అసిస్టెంటు సుబ్బలింగానికి చెప్పారు. సుబ్బలింగం రాసుకున్నాడు.

తర్వాత మౌల్వీ గారి వంతు. సైదాబీ చేస్తున్నది శాంతియుతమైనదని ధ్రువీకరించగలరా అని అడిగారు. మౌల్వీ గారు పెద్దమనిషి. నిదానంగా గొంతు సవరించుకున్నారు.

"జిహాద్ అంటే పాటుపడటం అయ్యా, గట్టిగా ప్రయత్నం చెయ్యడం. యుద్ధమనే అర్థం కూడా ఉంది, లేదంటే అబద్ధమైద్ది. దానికి హద్దులు చెప్పారు పెద్దలు. ముసలాళ్ళ మీద, ఆడాళ్ళ మీద, పిల్లల మీద చెయ్యెత్తగూడదని, పండే చెట్టు నరకగూడదని. ఆ హద్దులు దాటినోళ్ళు ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన అది జిహాద్ అయిపోదు. మాబోటి వాళ్ళకి మాత్రం రోజూ ఉండేది వేరే జిహాద్. కోపం దిగమింగటం, అబద్ధం ఆడకుండా ఉండటం. నాకైతే చలికాలంలో దుప్పటి తీసి తెల్లారుజాము నమాజుకి లేవడమే పెద్ద జిహాద్. దాచుకోవడం ఎందుకు, ఒక్కోసారి దుప్పటే గెలిచిద్ది."

"దుప్పటి గెలిచిన తేదీలు సమర్పించగలరా?"

మౌల్వీ గారు సైదాబీ వైపు చూశారు. సైదాబీ కిటికీ వైపు చూసింది.

పురుషోత్తమరావు గారు చెడ్డవారు కాదు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, నచ్చజెప్పే గొంతుతో అన్నారు. "చూడండమ్మా, ఆ ఒక్క పదమును ఉపసంహరించుకొని, 'స్వీయ ప్రవర్తనా మెరుగుదల కార్యక్రమము' అని పేర్కొనండి. ఫైలు ఇప్పుడే ముగిస్తాను. ఆ పదము వింటే జనం భయపడుతున్నారు."

"మా నాయనమ్మకి అంత పొడుగు మాట నోరు తిరిగేది కాదు సార్. ఆమె మా తాతకి ఎదురు చెప్పకుండా, చాడీలు మొయ్యకుండా, ఉపాసం ఉండి కూడా పదిమందికి వండిపెట్టి, దాన్ని జిహాద్ అనుకుంటూ బతికింది. ఆ మాటని చెడగొట్టినోళ్ళు ఉన్నారు, లేరనను. వాళ్ళు చెడగొట్టారని మేం వదిలేసుకుంటే, మా నాయనమ్మ మాటని వాళ్ళకే రాసిచ్చినట్టు గదా?"

పురుషోత్తమరావు గారికి ఇది సబబుగానే తోచినట్టుంది. కానీ సబబుగా తోచినదాన్ని ఏ గడిలో రాయాలో ఆయనకు తెలియలేదు. అందుకని రాజీ ప్రతిపాదించారు. రెండు పక్షాలు కొట్లాడుకుంటుంటే ఇద్దరూ కొంత తగ్గాలన్నది సామరస్య విభాగం మూలసూత్రం. కాబట్టి సోమ, గురువారాల్లో మధ్యాహ్నం పూట నోటికి మితంగా స్వేచ్ఛ ఇవ్వాలి. మిగతా రోజుల్లో నోరు ఆమె చెప్పినట్టు వినాలి.

"మితంగా అంటే ఎట్టా సార్?"

"వ్యక్తిగత దూషణ ఉండరాదు. పశువులతో పోల్చుట వరకు అనుమతించవచ్చును."

"నేను ఒక పిల్లకి మాటిచ్చాను సార్, ఎవరినీ అట్టా అననని."

"ఆమె ఈ వివాదములో పక్షము కాదు," అన్నారాయన.

రాజీ కుదరలేదు. రాజీకి ఒప్పుకోనిది నోరు కాదు, సైదాబీయే. అందువల్ల శాంతికి భంగకరమైన పక్షం ఆమేనని తేలింది. ఆమె జిహాదు ఏ రూపం దాల్చుతోందో కనిపెట్టడానికి సుబ్బలింగాన్ని పరిశీలకుడిగా వేశారు.

మర్నాటి నుంచి సుబ్బలింగం పదో తరగతిలో చివరి బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాడు. సైదాబీ పాఠం చెప్పింది. పిల్లలు విన్నారు. ఒకడు గుండెకు మూడు గదులన్నాడు. సైదాబీ ఊపిరి గట్టిగా పీల్చి, బోర్డు మీద గీతలు గీసి, "కప్పకైతే మూడే. మనిషికి ఇంకొకటి కలుపు," అంది. పిల్లవాడు నవ్వి నాలుగన్నాడు. సాయంత్రం సుబ్బలింగం నివేదిక రాశాడు. 'ఏమీ జరగలేదు.'

రోజూ అదే రాశాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు.

ఆఫీసులో కలవరం మొదలైంది. ప్రకటించిన పోరాటంలో ఏమీ జరగకపోవడం కంటే అనుమానించాల్సింది ఏముంటుంది? 'ఏమీ జరగకపోవుటకు గల కారణములు తెలుపుము' అని సుబ్బలింగానికే మెమో వెళ్ళింది. పక్క గదిలో లెక్కల మాస్టారి బెత్తం చప్పుడు, పిల్లల ఏడుపు గోడ దాటి వినిపిస్తూనే ఉన్నాయి. ఆ సంగతి రాయమంటారా అని సుబ్బలింగం అడిగితే, ఆయన దేనిమీదా పోరాటం ప్రకటించలేదు కాబట్టి ఆ గది ప్రశాంతంగా ఉన్నట్టే లెక్క అని జవాబొచ్చింది.

సుబ్బలింగానికి చిన్నప్పుడు సైన్సు అంటే భయం. ఇప్పుడు చివరి బెంచీలో కూర్చుని, రక్తం ఎటునుంచి ఎటు పోతుందో మొదటిసారి అర్థమైంది. ఒకరోజు చెయ్యెత్తి సందేహం కూడా అడిగాడు. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. సైదాబీ జవాబు చెప్పింది. ఆ సంగతి ఆయన నివేదికలో రాయలేదు.

చివరికి పురుషోత్తమరావు గారు తానే రంగంలోకి దిగారు. అగ్నిమాపక దళం వాళ్ళు మంటలు లేకపోయినా గంట కొట్టి పరీక్షిస్తారు. అలాగే ఉపాధ్యాయురాలి నిగ్రహాన్నీ పరీక్షించాలి. ఆమెను రెచ్చగొట్టే మాటలు కొన్ని కాయితం మీద రాయించుకుని, హెడ్మాస్టరుకు కూడా చెప్పకుండా, ఒక ఉదయం తరగతిలోకి వచ్చారు.

"మీ బోధన నాసిరకముగా ఉన్నది," అని చదివారు.

"బాగుచేసుకుంటాను సార్," అంది సైదాబీ.

"మీకు విషయ పరిజ్ఞానము శూన్యము."

"నేర్చుకుంటాను సార్."

"మీబోటి వారి వలననే శాఖ పరువు పోవుచున్నది."

ఈసారి సైదాబీ బోర్డు మీద ఒక గీత గీసింది. "అయ్యుండొచ్చు సార్," అంది.

కాయితం అయిపోయింది. ఉత్త చేతులతో వెళ్ళడం ఆయనకు ఇష్టం లేకపోయింది. తరగతి వైపు తిరిగి, ఎదురుగా కనిపించిన పిల్లను లేపారు. ఆ పిల్ల అంకమ్మ.

"మెదడు భాగములు చెప్పు."

అంకమ్మ లేచింది. చొక్కా ఇస్త్రీ నలగని పెద్దమనిషి, వెనకాల అటెండరు, చేతిలో కాయితం. పిల్ల బల్లకేసి చూసింది.

"చెప్పలేవూ? తలలో మెదడు ఉంటే కదా చెప్పడానికి. పేడ ఉన్నది. నీవంటి వాళ్ళకి బడి దేనికి, పోయి కూలి చేసుకోక?"

ఈ మాటలు కాయితంలో లేవు. ఆయన సొంతవే.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. సైదాబీ అన్నాళ్ళూ కట్టి పడేసిన నోరు కట్లు తెంపుకుని లేచింది. ఆయన తల గురించి, అందులో ఉన్నదాని గురించి, ఆయనకు ఆ కుర్చీ ఇచ్చినవాళ్ళ తలల గురించి, ఒకదాని వెనక ఒకటి, నిగనిగలాడే మాటలు వరసకట్టాయి. అంటే ఈ పిల్ల ముందే అనాలి. అననని మాటిచ్చింది ఈ పిల్లకే. ఊరుకుందామా? ఊరుకుంటే ఈ పిల్ల మళ్ళీ మిరప చేలోనే. నోరు మూసుకోవడమే గెలుపని ఇన్నాళ్ళూ అనుకుంది గానీ, మూసుకుంటే ఓడిపోయే చోటు కూడా ఒకటుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

వచ్చిన మాటలన్నిటినీ పక్కకు నెట్టి, వాటి వెనకాల ఎక్కడో నిలబడిన చిన్న మాటను పట్టుకుంది.

"సార్, ఆ పిల్లకి క్షమాపణ చెప్పండి."

గొంతు పెంచలేదు. కానీ చివరి బెంచీ దాకా వినపడింది.

"ఏమన్నారు?"

"మీరన్నది తప్పు సార్. నేనూ ఒకప్పుడు ఇట్టాగే అన్నాను, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను. మీరు కూడా చెప్పండి. చెప్పేదాకా నేను పాఠం మొదలుపెట్టను."

పురుషోత్తమరావు గారు కాయితం తిప్పి చూశారు. వెనక వైపు కూడా చూశారు. "నిగ్రహ పరీక్షలో క్షమాపణకు నిబంధన లేదు," అన్నారు.

అప్పుడు చివరి బెంచీలో సుబ్బలింగం, మోకాళ్ళు బెంచీకి కొట్టుకుంటుండగా లేచి నిలబడ్డాడు. "తప్పయింది తల్లీ. మా ఆఫీసు తరఫున నేను చెబుతున్నా," అన్నాడు.

ఆయన్నీ, మేడాన్నీ, పెద్దసారునీ అంకమ్మ మార్చి మార్చి చూసింది. తర్వాత మేడం వైపే తిరిగింది. "నాకొచ్చు మేడం. భయమేసి చెప్పలా. ముందు మెదడు, మధ్య మెదడు, వెనక మెదడు."

"కూర్చోమ్మా," అంది సైదాబీ. బల్ల పట్టుకుని నిలబడింది.

సస్పెన్షన్ వస్తుందని ఖాజావలి అనుకున్నాడు. సైదాబీ కూడా అనుకుంది. తన సామాన్లు స్టాఫ్ రూము బీరువాలోంచి సగం సర్దుకుంది కూడా. కానీ ఆఫీసులో ఆలోచన వేరే విధంగా సాగింది. ఉపాధ్యాయురాలు అధికారికి ఎదురు మాట్లాడింది. అంటే నోరు గెలిచింది. నోరు గెలిచిందంటే దాని మీద ఆమె చేస్తున్న జిహాదు ఓడిపోయింది. జిహాదు ఓడిపోయింది కాబట్టి ఇక ప్రమాదం లేదు. 'సదరు ప్రాంతమున పూర్తి ప్రశాంతత నెలకొన్నది' అని నివేదిక పైకి వెళ్ళింది. విభాగం మొట్టమొదటి విజయంగా దాన్ని నమోదు చేసుకున్నారు. సుబ్బలింగాన్ని మాత్రం, ఆఫీసు తరఫున అనుమతి లేకుండా క్షమాపణ చెప్పినందుకు, దూరాన ఉన్న ఇంకో మండలానికి బదిలీ చేశారు.

సైదాబీకి కబురొచ్చింది, ఒక సంతకం పెట్టిపొమ్మని. ఖాజావలి తోడు వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పురుషోత్తమరావు గారు ఆమెకు కుర్చీ చూపించి, టీ కూడా తెప్పించారు. తరగతిలో జరిగినదాన్ని ఆయన మనసులో పెట్టుకోలేదు. ఏదైనా మనసులో పెట్టుకునే అలవాటు ఆయనకు లేదు.

"చిన్న హామీ పత్రము. సంతకము చేస్తే ఫైలు శాశ్వతముగా ముగుస్తుంది," అని కాయితం ముందుకు జరిపారు.

సైదాబీ చదివింది. 'ఇకమీదట నాతో నేను ఎటువంటి పోరాటమూ చేయనని, నేను ఏ విధముగా ఉన్నానో ఆ విధముగానే కొనసాగుదునని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.'

ఆమె పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

"సందేహము దేనికమ్మా? ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు," అన్నారు పురుషోత్తమరావు గారు, ఆప్యాయంగా. "నన్నే చూడండి. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా నాతో నేను పోరాడి ఎరుగను. ఎంత ప్రశాంతముగా ఉన్నానో."

దీనికి జవాబు సైదాబీ నాలుక చివరకు వచ్చి కూర్చుంది. రెండే మాటలు. ఆమె జన్మలో అంత చక్కగా కుదిరిన జవాబు ఇంకొకటి లేదు. వరండాలోంచి ఆమె ముఖం కనిపిస్తున్న ఖాజావలి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె టీ గ్లాసు ఎత్తి, ఇంకా పొగలు కక్కుతున్న టీని గుటకలేసి తాగింది. గ్లాసు కింద పెట్టి, కాయితాన్ని ఆయన వైపు మెల్లగా వెనక్కి జరిపింది.

"సంతకం పెట్టలేను సార్. అదింకా అయిపోలేదు."

"ఏది?"

"జిహాద్ సార్. ఇప్పుడు కూడా, ఈ గదిలోనే, చాలా జోరుగా జరుగుతోంది."

పురుషోత్తమరావు గారు ఉలిక్కిపడి గదంతా కలయజూశారు. కుర్చీ వెనక్కి జరుపుకుని, వంగి, బల్ల కింద కూడా ఒకసారి చూశారు.